ఆదిబట్ల మీది ఆకాశం, మహేశ్వరం మీది ఆకాశం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ మీద పడమటి గాలిదే పెత్తనం. విమానం దిగేటప్పుడైనా లేచేటప్పుడైనా గాలికి ఎదురు వెళ్తుంది. శంషాబాద్ రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. అందుకే వానాకాలంలో దిగే విమానాలు ఎక్కువగా తూర్పు నుంచి, అంటే ఇబ్రహీంపట్నం వైపు నుంచి వస్తాయి. చలికాలంలో గాలి తిరగబడితే ఇదే దిక్కుకు లేచి వెళ్తాయి. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలు పట్టుకుంటుంది. కిలోమీటరు ముందుకు సాగేసరికి సుమారు యాభై మీటర్ల ఎత్తు కోల్పోతుందన్నమాట. ఆ లెక్కన రన్‌వేకు పది కిలోమీటర్ల ఇవతల, ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్ల ప్రాంతానికి వచ్చేసరికి అది నేలకు ఐదు వందల మీటర్ల పైన ఉంటుంది. విమానాశ్రయానికి దక్షిణాన ఉన్న మహేశ్వరం కూడా దూరంలో ఆదిబట్లకు అటూ ఇటూగా సమానమే. కానీ అది రన్‌వే వరసలో లేదు, పక్కకు ఉంది. కాబట్టి దిగే విమానాల బారు దాని నెత్తి మీదుగా సాగదు. ఒకే విమానాశ్రయం, ఇంచుమించు ఒకే దూరం, కానీ రెండు ఊళ్ల మీద ఉన్న ప్రమాదం మాత్రం ఒకటి కాదు. అయినా 2021 నాటి డ్రోన్ నిబంధనలు ఈ తేడాను చూడవు. విమానాశ్రయం ప్రహరీ నుంచి ఎనిమిది, పన్నెండు కిలోమీటర్ల మధ్య ఎక్కడున్నా అరవై మీటర్ల ఎత్తు దాకా ఎగరేసుకోవచ్చు, అది దాటితే విమాన రాకపోకల నియంత్రణ విభాగం ఏటీసీ అనుమతి కావాలి. వలయం గీసినవారు దూరాన్ని కొలిచారు, ప్రమాదాన్ని కొలవలేదు.

డ్రోన్ల సంగతి చిన్నదే అనిపించవచ్చు. దాని వెనకున్న ప్రశ్న చిన్నది కాదు. ఆకాశంలో ఏ భాగాన్ని ఎంత కట్టుదిట్టంగా అదుపు చేయాలి, ఎక్కడ పైలట్ కంటిని నమ్మి వదిలేయవచ్చు, ఎక్కడ కంట్రోలర్ మాట లేకుండా రెక్క కదలకూడదు అన్నవి ఏ ప్రాతిపదిక మీద తేల్చాలి? అలవాటు మీదా? ఆ ఆకాశం ఏ శాఖ చేతిలో ఉందన్నదాని మీదా? కంపాస్‌తో గీసిన గుండ్రాల మీదా? లేక అక్కడ నిజంగా ఎన్ని విమానాలు, ఏ రకానివి, ఎంత దగ్గరగా తిరుగుతున్నాయో లెక్కగట్టి, ఆ లెక్కను దేశమంతా ఒకే కొలబద్దతో చూసా? చివరిదే సరైన దారి. మన అనుభవమూ లోకం అనుభవమూ ఆ వైపే చూపిస్తున్నాయి, అక్కడికి చేరడంలో మాత్రం మనం సగం దూరంలో ఆగిపోయాం.

ముందు వర్గీకరణ అంటే ఏమిటో చూద్దాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో గగనతలాన్ని ఏ నుంచి జీ దాకా ఏడు అక్షరాలుగా విభజించింది. ఆకాశంలో తిరిగే విమానాలు స్థూలంగా రెండు రకాలు. పరికరాల మీద ఆధారపడి, కంట్రోలర్ చెప్పినట్టు నడిచేవి ఐఎఫ్‌ఆర్ విమానాలు. మనం టికెట్ కొని ఎక్కేవన్నీ దాదాపు ఇవే. పైలట్ బయటికి చూస్తూ, ఎదుటి విమానాన్ని తానే తప్పించుకుంటూ నడిపేవి వీఎఫ్‌ఆర్ విమానాలు. శిక్షణ సెస్నాలు, చిన్న హెలికాప్టర్లు చాలావరకు ఈ కోవలోకి వస్తాయి. క్లాస్ ఏ లో వీఎఫ్‌ఆర్‌కు చోటే లేదు. బీ లో రెండు రకాలూ ఉంటాయి, కానీ ప్రతి విమానాన్నీ ప్రతి విమానం నుంచీ ఎడంగా ఉంచే బాధ్యత కంట్రోలర్‌దే. సీ లో ఐఎఫ్‌ఆర్ విమానాన్ని అన్నింటి నుంచీ ఎడం చేస్తారు, వీఎఫ్‌ఆర్ విమానాలు తమలో తాము చూసుకోవాలి. డీ కి వచ్చేసరికి ఐఎఫ్‌ఆర్‌కూ ఐఎఫ్‌ఆర్‌కూ మధ్యనే ఎడం గ్యారంటీ. చిన్న విమానం అటుగా వస్తోందని పెద్ద విమానానికి కబురు చెబుతారు, తప్పించుకోవడం పైలట్ల పని. ఈ లో వీఎఫ్‌ఆర్ పైలట్ రేడియోలో పలకనక్కర్లేదు కూడా. ఎఫ్ లో కంట్రోలర్ ఇచ్చేది సలహా మాత్రమే. జీ లో అడిగితే సమాచారం, అంతే. అక్షరం మారితే బాధ్యత చేతులు మారుతుందన్నదే ఇందులో కీలకం.

మన దేశంలో చాలాకాలంగా సాగుతున్న పద్ధతిలో విమానాశ్రయాల చుట్టూ ఉన్న కంట్రోల్ జోన్లు, టెర్మినల్ ఏరియాలు డీ కిందికి వస్తాయి. వాటి బయట కంట్రోల్ సేవ ఉన్న మార్గాలు ఈ, సలహా సేవ మాత్రమే ఉన్నవి ఎఫ్, మిగిలిందంతా జీ. సేవ ఎక్కడ ఏ రూపంలో ఉందో చూసి అక్షరం అంటించే పద్ధతి ఇది. ప్రమాదం ఎంతుందో చూసి, దానికి తగ్గ సేవ పెట్టి, అప్పుడు అక్షరం రాయడం దీనికి తలకిందులు. తేడా మాటల్లో చిన్నదిగా కనిపిస్తుంది, ఫలితంలో పెద్దది. రోజుకు నాలుగైదు విమానాలు దిగే చిన్న ఊరి విమానాశ్రయానికీ శంషాబాద్‌కూ ఒకే అక్షరం రావడానికి కారణం ఇదే. 2008 మార్చిలో తెరిచినప్పుడు శంషాబాద్ ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికులకు సరిపడేలా ఉండేది. 2023-24లో అక్కడ రాకపోకలు సాగించినవారు సుమారు 2.5 కోట్లు. అమెరికాలో ఒక విమానాశ్రయానికి క్లాస్ బీ ఇవ్వాలా అని ఆలోచించడానికి ఏడాదికి 50 లక్షల మంది విమానం ఎక్కడం ఒక గుర్తు. ఎక్కేవారూ దిగేవారూ చెరి సగం అనుకున్నా శంషాబాద్ ఆ గీత ఎప్పుడో దాటేసింది. అమెరికా కొలతే మనకూ పెట్టాలని కాదు. వాళ్ల దగ్గర ఒక కొలత రాసి ఉంది, దాన్ని ఏ ఊరికైనా పెట్టి చూడవచ్చు అన్నదే గమనించాల్సింది.

దీనికి వెంటనే ఒక జవాబు వస్తుంది. మన దగ్గర వీఎఫ్‌ఆర్ విమానాలే తక్కువ, రాత్రిపూట వాటికి అనుమతి లేదు, 15 వేల అడుగుల పైన అసలే లేదు, పెద్ద విమానాశ్రయాల్లో కంట్రోలర్లు చిన్న విమానాన్ని కూడా జాగ్రత్తగానే ఎడం చేస్తారు, కాబట్టి అక్షరం ఏదైతేనేం అని. మాటలో నిజం లేకపోలేదు. మన కంట్రోలర్ల వృత్తి నైపుణ్యం వల్లే ఎన్నో ఆకాశాలు అక్షరం చెప్పేదాని కంటే భద్రంగా ఉన్నాయి. కానీ నిబంధన ఒకటి, ఆచరణ ఒకటిగా ఉన్నచోట ఆచరణ స్థానిక సూచనల్లోకి, పాతవారి అలవాటులోకి, ఫోన్లో కుదిరిన ఒప్పందాల్లోకి చేరిపోతుంది. స్థానికులకు అది తెలుసు. మరో రాష్ట్రం నుంచి వచ్చిన పైలట్‌కు, మొన్ననే బదిలీ అయి వచ్చిన కంట్రోలర్‌కు తెలియదు. అక్షరం చూసి అతడు ఊహించుకున్నది ఒకటి, ఎదురయ్యేది మరొకటి.

ఆకాశాన్ని లెక్క లేకుండా పంచితే ఏమవుతుందో 1996 నవంబరు 12 సాయంత్రం మన దేశమే చూసింది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద గాల్లోనే ఢీకొన్నాయి. రెండింటిలో ఉన్న 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. విమానయాన చరిత్రలో గాల్లో జరిగిన ఢీల్లో దీన్ని మించినది నేటికీ లేదు. కంట్రోలర్ సూచనలో తప్పు లేదు. ఒకదాన్ని 14 వేల అడుగుల దగ్గర ఉంచాడు, రెండోదాన్ని 15 వేల దగ్గర ఆగమన్నాడు. కజక్ విమానం ఆ ఎత్తు దాటి కిందికి జారింది. జస్టిస్ లాహోతి కమిషన్ విచారణలో తప్పు ఆ సిబ్బంది మీదే పడింది. ఇక్కడితో ఆగితే ఒక కాక్‌పిట్‌లో ఒక పొరపాటు అన్నంతే కథ. కానీ ఆ రెండు విమానాలూ ఒకే దారిలో ఎదురెదురుగా ఎందుకున్నాయి? ఢిల్లీ చుట్టూ ఆకాశంలో పెద్ద భాగం వైమానిక దళానికి కేటాయించి ఉండేది, పౌర విమానాలు రావడానికీ పోవడానికీ మిగిలింది ఒకే సన్నటి దారి. పైగా అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది, ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. కజక్ విమానం కిందికి జారిందని కంట్రోలర్‌కు తెలిసే మార్గమే లేదు. ఆ తర్వాతే రాకకూ పోకకూ వేర్వేరు దారులు వచ్చాయి, ఎత్తు చూపే రాడార్ వచ్చింది, ఢీ నివారణ యంత్రం లేని పెద్ద విమానాలకు మన ఆకాశంలో చోటు లేకుండా చేశారు. ఈ మూడు మార్పులకూ కావలసిన తెలివి ఢీకి ముందు కూడా లోకంలో ఉంది. ఒకే దారిలో ఎదురెదురు రాకపోకలు ఎంత ప్రమాదమో లెక్కగట్టమని అడిగే పద్ధతే లేదు.

అమెరికాలోనూ ఇదే వరస. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది చనిపోయాక 1958లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పుట్టింది. 1986 ఆగస్టు 31న కాలిఫోర్నియాలోని సెరిటోస్ మీద దారి తప్పి నియంత్రిత ఆకాశంలోకి వచ్చిన చిన్న విమానం మెక్సికో ప్రయాణికుల విమానాన్ని ఢీకొంది, కింద ఇళ్లలో ఉన్నవారితో కలిపి 82 మంది పోయారు. ఎత్తు తెలిపే ట్రాన్స్‌పాండర్లూ ఢీ నివారణ యంత్రాలూ తప్పనిసరి అయ్యింది దాని తర్వాతే. శవాలను లెక్కపెట్టి నేర్చుకోవడం ఈ రంగంలో కొత్త కాదు. ప్రమాదాన్ని ముందే కొలవాలన్న వాదన పుట్టింది ఆ అలవాటును మార్చడానికే.

కొలవడం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం. హైదరాబాద్ చుట్టూ ఉత్తర దక్షిణాలుగా సుమారు 45 కిలోమీటర్ల నిడివిలో నాలుగు విమాన క్షేత్రాలున్నాయి. దుండిగల్ వైమానిక దళ అకాడమీ, హకీంపేట వైమానిక స్థావరం, బేగంపేట, శంషాబాద్. వీటికి తోడు నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాలు వాడిన చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఒక శిక్షణ సెస్నా వంద నాట్ల వేగంతో పోతోందనుకుందాం. ఎదురుగా దిగడానికి వస్తున్న ఎయిర్‌బస్ పది వేల అడుగుల కింద 250 నాట్ల వేగంతో ఉండవచ్చు. రెండూ ఎదురెదురైతే దగ్గరయ్యే వేగం 350 నాట్లు, సెకనుకు 180 మీటర్లు. ఎదుటి విమానాన్ని గమనించి, అది ఢీకొట్టే దారిలో ఉందని గ్రహించి, నిర్ణయం తీసుకుని, విమానం మలుపు తిరగడానికి పైలట్‌కు సుమారు 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్ఏఏ తన పైలట్లకు చెప్పే లెక్క. ఆ 12.5 సెకన్లలో దూరం రెండుంబావు కిలోమీటర్లు తరిగిపోతుంది. అంటే రెండుంబావు కిలోమీటర్ల అవతలే సెస్నాను చూసి ఉండాలి. సెస్నా రెక్కల కొస నుంచి కొసకు పదకొండు మీటర్లు. అంత దూరం నుంచి అది కంటికి, రెండు మీటర్ల దూరాన పెట్టిన సెంటీమీటరు గీతంత కనిపిస్తుంది. పైగా ఢీకొట్టే దారిలో ఉన్న విమానం అద్దంలో పక్కకు జరగదు, ఒకేచోట నిలిచి ఉంటుంది. కదలని చుక్కను కన్ను సులభంగా పట్టుకోదు. చూసి తప్పించుకోండి అన్న సూత్రం రెండు సెస్నాల మధ్య పనిచేస్తుంది. సెస్నాకూ ఎయిర్‌బస్‌కూ మధ్య దాన్ని నమ్ముకోవడం సాహసం. డీ అక్షరం చట్టప్రకారం పైలట్ల మీద పెట్టేది ఈ భారాన్నే. శంషాబాద్ తూర్పు దారిలో ఈ రెండు రకాలూ ఎదురయ్యే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఎంత దగ్గరగా? ఏ ఎత్తుల్లో? వీటిని రాడార్ రికార్డుల్లోంచి తీయవచ్చు. తీసిన అంకె పెద్దదైతే అక్కడ సీ అవసరం, చిన్నదైతే డీ చాలు. రాజమండ్రికో కడపకో ఇదే లెక్క వేస్తే వేరే అక్షరం రావచ్చు. అక్షరాలు వేరైనా పద్ధతి ఒకటే. నిలకడ అంటే అన్ని ఊళ్లకూ ఒకే అక్షరం కాదు, ఒకే స్థాయి ప్రమాదానికి ఎక్కడైనా ఒకే అక్షరం.

అయితే అన్నిచోట్లా కఠినమైన అక్షరమే పెట్టేస్తే పోలేదా అని అడిగేవారున్నారు. ప్రాణాల విషయంలో పొదుపు దేనికని వారి వాదన. వినడానికి బాగుంది. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో జరిగింది దీనికి జవాబు. రీగన్ విమానాశ్రయంలో దిగబోతున్న ప్రయాణికుల విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. అది క్లాస్ బీ ఆకాశం. అమెరికాలో పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే అత్యంత కట్టుదిట్టమైన తరగతి అదే. రెండు వాహనాలూ కంట్రోలర్ అదుపులోనే ఉన్నాయి. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ బయటపెట్టిన సంగతి ఏమిటంటే, అక్కడ హెలికాప్టర్లకు కేటాయించిన దారికీ ఒక రన్‌వేకు దిగే వాలుకూ మధ్య ఒకచోట నిలువు ఎడం 75 అడుగులే. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా ఆ విమానాశ్రయం దగ్గర ప్రయాణికుల విమానం, హెలికాప్టర్ ప్రమాదకరంగా దగ్గరైన సందర్భాలు 15,214. వాటిలో 85 మరీ దగ్గరివి. ఈ అంకెలు ఢీ తర్వాత ఎక్కడి నుంచో పుట్టుకురాలేదు, ముందే రికార్డుల్లో ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి, ఈ దారి ఇలాగే ఉంచవచ్చా అని ఎవరూ గట్టిగా అడగలేదు. అక్షరం కఠినమే, దాని లోపల గీసిన దారి మాత్రం ప్రమాదాన్ని చూడలేదు. ప్రమాద కొలత అంటే అక్షరం ఎంచుకోవడంతో అయిపోయేది కాదు, లోపలి దారులకూ ఎత్తులకూ ఏటేటా పెట్టాల్సిన పరీక్ష అని వాషింగ్టన్ చెప్పింది. కఠినత్వానికి మరో ధర కూడా ఉంది. కంట్రోలర్ చూపు, మాట, జ్ఞాపకం అనంతం కావు. అవసరం లేని చోట ప్రతి చిన్న విమానాన్నీ ఎడం చేస్తూ కూర్చుంటే, అవసరమైన చోట పెట్టాల్సిన ధ్యాస తగ్గుతుంది. అనుమతి దొరకడం గగనమైతే చిన్న విమానాలు నియంత్రణ లేని ఆకాశంలోకి, తక్కువ ఎత్తుల్లోకి, గుట్టల మధ్యకు తప్పుకుంటాయి. ఒకచోట తగ్గిన ప్రమాదం మరోచోట పేరుకుంటుంది. మొత్తం ఆకాశాన్ని ఒకే లెక్కలో చూడకపోతే ఈ బదిలీ కంటికే పడదు.

ఇక రక్షణ శాఖ సంగతి. వైమానిక దళ శిక్షణకు, ఆయుధ పరీక్షలకు ఆకాశం కావాలి, అందులో సందేహం లేదు. దుండిగల్‌లో తొలిసారి ఒంటరిగా ఎగిరే క్యాడెట్‌కు పక్కన ప్రయాణికుల విమానం ఉండకూడదు. కానీ కావాలనడం వేరు, ఇరవై నాలుగు గంటలూ నాదేనని గీత గీసి ఉంచుకోవడం వేరు. భారత గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉందని, ఆంక్షలు సడలిస్తే ఏడాదికి సుమారు వెయ్యి కోట్ల రూపాయలు ఆదా అవుతాయని 2020 మేలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. వాడుకలో లేని వేళ సైనిక ఆకాశాన్ని పౌర విమానాలకు వదిలి, అవసరమైనప్పుడు తిరిగి తీసుకునే సర్దుబాటు పద్ధతి మన దేశంలోనూ మొదలైంది. ఇది ఇంధనం ఆదా కథగానే ప్రచారం పొందింది. నిజానికి ఇది భద్రత కథ కూడా. చర్ఖీ దాద్రీ సన్నటి దారిని గుర్తు చేసుకుంటే చాలు. విశాఖపట్నంలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఉంది. అక్కడి పౌర విమానాలు నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే దిగుతూ వచ్చాయి, కంట్రోల్ కూడా నౌకాదళానిదే. ఉత్తరాన భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం వచ్చాక నౌకాదళ ఆకాశమూ పౌర ఆకాశమూ పక్కపక్కన ఉంటాయి. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ పడాలో యాజమాన్యం తేల్చకూడదు, రాకపోకల లెక్క తేల్చాలి.

ఈ లెక్క ఎవరు వేయాలి అన్నది అసలు చిక్కుముడి. మన దగ్గర ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కంట్రోల్ సేవ నడుపుతుంది, ఆకాశం దారుల ప్రణాళికా దాని చేతిలోనే ఉంది. డీజీసీఏ నియంత్రణ సంస్థ. సేవ అందించేవారే తమ సేవ ఎక్కడ ఎంత అవసరమో తేల్చుకుంటే, ఉన్న సిబ్బందికి తగ్గట్టు అవసరం కుదించుకుపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, మనుషులు తక్కువైనచోట సహజంగా జరిగేదే. ఆస్ట్రేలియా 2007లో ఎయిర్‌స్పేస్ చట్టం తెచ్చి ఈ రెండింటినీ విడదీసింది. సేవ నడిపేది ఎయిర్‌సర్వీసెస్ అనే సంస్థ. ఏ ఆకాశానికి ఏ అక్షరమో తేల్చేది భద్రతా నియంత్రణ సంస్థ కాసాలోని ప్రత్యేక కార్యాలయం. ఒక్కో విమానాశ్రయం చుట్టూ ఆకాశాన్ని అధ్యయనం చేసి, నివేదికను జనం ముందు పెట్టి, అభిప్రాయాలు అడిగి నిర్ణయిస్తారు. దాని మీద అక్కడి చిన్న విమానాల పైలట్లకు ఫిర్యాదులు లేకపోలేదు. కానీ ఫిర్యాదు చేయడానికి ఒక కాగితం, ఆ కాగితంలో ఒక లెక్క ఉన్నాయి. మన దగ్గర ఒక ఆకాశానికి ఆ అక్షరం ఎందుకు వచ్చిందని ఎవరైనా అడిగితే చేతికివ్వడానికి అలాంటి బహిరంగ కాగితం కావాలి. మంది ఎక్కువ, డబ్బు తక్కువ ఉన్న మన దేశానికి ఇది అందని సౌకర్యమని కొందరంటారు. నాకు అలా అనిపించదు. సిబ్బంది తక్కువైనప్పుడే వారిని ఎక్కడ కూర్చోబెట్టాలో లెక్క మరింత అవసరం.

డ్రోన్ల దగ్గర మన దేశం ఒక మంచి పని చేసింది. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా చూపే పటాన్ని 2021 సెప్టెంబరులో ఎవరైనా చూసేలా బయట పెట్టింది. విమానాశ్రయాల చుట్టూ పసుపు మండలాన్ని 45 కిలోమీటర్ల నుంచి 12కు కుదించింది. ఆకుపచ్చలో 120 మీటర్ల దాకా అనుమతి అడగనక్కర్లేదు. అదే నెల 11న వికారాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' మొదలుపెట్టింది. కంటిచూపు దాటిన దూరాలకు డ్రోన్లలో టీకాలు, మందులు పంపే ప్రయోగం అది. ఆ ప్రయోగానికి షరతులతో మినహాయింపు ఇచ్చిన పద్ధతిలోనే ప్రమాద కొలత దాగి ఉంది: ఏ దారి, ఎంత ఎత్తు, కింద ఎవరు, పైన ఏమిటి అని చూసి అనుమతించడం. దాన్నే మామూలు నిబంధనగా మార్చాలి. పత్తి చేను మీద రెండు మూడు మీటర్ల ఎత్తున మందు కొట్టే డ్రోన్‌కూ, వంద మీటర్ల ఎత్తున పెళ్లి వీడియో తీసే డ్రోన్‌కూ ప్రమాదం ఒకటి కాదు. మొదటిది ఏ విమానానికీ అందనంత కింద ఉంటుంది. రెండోదానికి అసలు ముప్పు ఎయిర్‌బస్ నుంచి కూడా కాదు, తక్కువ ఎత్తున పోయే హెలికాప్టర్ నుంచి. బేగంపేట నుంచి జిల్లాలకు వెళ్లే వీఐపీ హెలికాప్టర్లకు, అంబులెన్స్ హెలికాప్టర్లకు 12 కిలోమీటర్ల వలయంతో పని లేదు, వాటి దారి ఆకుపచ్చ మండలాల మీదుగానే సాగవచ్చు. ఇబ్రహీంపట్నం పట్టణం ఆ వలయం బయట ఉంది. అంతమాత్రాన దాని ఆకాశం ఖాళీ అనుకోలేం. తూర్పు నుంచి దిగే విమానాల దారి పొడవు ఇటే, ఎన్‌ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రం ఇక్కడే. వలయం సులభం, సామాన్యుడికి అర్థమవుతుంది అన్నది దాన్ని సమర్థించేవారి మాట. కాగితం పటాల రోజుల్లో అది నిజం. ఇప్పుడు డ్రోన్ ఎగరేసేవాడు చూసేది ఫోన్లో పటం. అందులో వలయమైనా, రన్‌వే వరసలో సాగిన పొడవాటి ఆకారమైనా రంగు ఒకటే, చదవడానికి పట్టే సమయమూ ఒకటే.

దీనికి కావలసిన సరంజామా మనకు దూరంలో లేదు. కంట్రోలర్లకు శిక్షణ ఇచ్చే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. బేగంపేటలో సుమారు 350 కోట్ల రూపాయలతో కట్టిన పౌర విమానయాన పరిశోధన కేంద్రం కారోను 2024 మార్చి 5న ప్రధాని ప్రారంభించారు. పొరుగున ఆదిబట్లలో టాటా కర్మాగారాలు అపాచీ హెలికాప్టర్ల దేహాలు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారుచేసి లోకానికి పంపుతున్నాయి. అంత నిక్కచ్చి కొలతల పని చేసే ప్రాంతానికి తన నెత్తి మీది ఆకాశాన్ని కొలవడం అసాధ్యమంటే ఎవరూ నమ్మరు. శంషాబాద్ రాడార్ రికార్డులు ఒక ఏడాదివి తీసుకుని, తూర్పు దారి, పడమటి దారి, దుండిగల్ సరిహద్దు, నాదర్‌గుల్ పరిసరాలు ఒక్కొక్కటిగా ఎన్నిసార్లు, ఎంత దగ్గరగా అన్నది లెక్కగట్టి, ఫలితాన్ని నివేదికగా బయటపెట్టడం బేగంపేటలోనే మొదలుపెట్టదగిన పని.

పాత విమానాశ్రయాల అక్షరాలు మార్చడం కష్టమే. దారులు, పటాలు, శిక్షణ అన్నీ తిరగరాయాలి. కొత్తవాటికి ఆ ఇబ్బంది లేదు. వరంగల్ మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అప్పటి చర్చంతా రన్‌వే పొడవు, భూసేకరణ, పరిహారం గురించే. ఆ ఊరి ఆకాశానికి ఏ అక్షరం, హైదరాబాద్ టెర్మినల్ ఏరియాతో దాని గీత ఎక్కడ కలవాలి, శిక్షణ విమానాలకు ఏ ఎత్తు వదలాలి అన్న లెక్కను ప్రాజెక్టు నివేదికతో పాటే వేసి, జనం చదివేలా ముద్రించవచ్చు.